పేరు లేని ప్రశస్తి

నూకరత్నానికి యాభై రెండేళ్లు. పొద్దున్నే పళ్లయినా తోముకోకుండా ఏట్లో గీతల కర్ర దించి, నీరు ఎంతుందో చూసి పుస్తకంలో రాసుకుంటుంది.

ఆ ఊళ్లో నీటి పండితుల సభ ఒకటుంది. అందులో పన్నెండు పీఠాలు. పీఠం ఉన్న మనిషి వరద వస్తుందంటే ఊరంతా దండోరా వేస్తారు. పీఠం లేని మనిషి చెబితే విని ఊరుకుంటారు. మూడేళ్ల క్రితం నూకరత్నం రెండు రోజుల ముందే చెప్పింది. ఆడవాళ్లకి నీళ్లంటే భయం సహజమేనని సభాధిపతి నవ్వాడు. పల్లంలోని కుమ్మరివీధి కొట్టుకుపోయింది. ఏడుగురు పోయారు. అప్పట్నుంచి ఆమెకి పీఠం కావాలి. గౌరవానికి కాదు, దండోరాకి.

సభవారు ఆమెను బొత్తిగా దూరం పెట్టారనడం అన్యాయం. ఎవరిని ఎన్నుకోవాలన్నా వాళ్ల ప్రశస్తి ఆమె చేతే రాయించేవారు. దస్తూరీ గుండ్రంగా ఉంటుందనేవారు. అసలు సంగతేమిటంటే, ఎవరు ఏం కనిపెట్టారో అర్థమయ్యేది ఆమె ఒక్కదానికే. అందులో సగం ఆమె కనిపెట్టినవే.

ఎన్నిక పద్ధతి ఇది. ఒక సభ్యుడు తనకి నచ్చిన పేరు చీటీ మీద రాసి కుండలో వేసి, మూతకి మట్టి మెత్తుతాడు. పక్షపాతం రాకూడదని పేరు బయటపెట్టరు. చేసిన పనుల జాబితా మాత్రం ప్రశస్తి రాసేవారికి పంపుతారు. ప్రశస్తి విన్నాక తలా ఒక చిక్కుడు గింజ వేస్తారు, తెల్లదో నల్లదో. తెల్లవి ఎక్కువైతే కుండ పగలగొడతారు. ఇంత గుట్టు పాటించినా, కుండలో ఉన్నదెవరో అందరికీ ముందే తెలిసేది.

ఈసారి ఖాళీ పడ్డ పీఠం సభాధిపతి అల్లుడికేనని ఊళ్లో కాకులక్కూడా తెలుసు. పేరు వేసే పని సభాధిపతి స్వయంగా చెవిటి పెద్దాయనకి పురమాయించాడు. పెద్దాయన తలూపాడు.

జాబితా నూకరత్నానికి చేరింది. ముప్పై ఏళ్ల నీటి కొలతలు. ఎగువన వాన పడ్డాక ఎన్ని గంటలకి దిగువన వరద వస్తుందన్న లెక్క. అంతా తన పనే. ఆ అల్లుడు ఏటిని దగ్గరగా చూసింది పెళ్లిలో పడవెక్కినప్పుడు ఒక్కసారే. దండోరా అతని చేతికి పోతే ఇక కుమ్మరివీధికి దిక్కెవరు? ఆమె కలం పట్టుకుంది. ఉన్నదున్నట్టు రాసి, చివర ఒక మాట చేర్చింది: "ఈ కొలతల్లో పది రోజులవి చూసి రాసినవి కావు. ఏ పది రోజులో అభ్యర్థినే అడగండి."

ప్రశస్తి సభలో చదివారు. ఆ పనులు ఎవరివోనని ఎవరికీ అనుమానం రాలేదు. ఆమె పనుల్ని ఇంకొకరి పేరుతో వినడం సభకి అలవాటే. తప్పు ఒప్పుకున్న ప్రశస్తి మాత్రం ఎన్నడూ వినలేదు. అల్లుడుగారి వినయాన్ని మెచ్చుకుంటూ పదకొండు మందీ తెల్ల గింజలే వేశారు. సభాధిపతి మురిసిపోయి కుండ తనే పగలగొట్టాడు. చీటీలో ఉన్న ఒక్క మాట చదవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.

నూకరత్నం.

మూల చాప మీద కూర్చున్న ఆమే ముందు నమ్మలేదు. సభాధిపతి పెద్దాయన మీదికి వెళ్లాడు. నేను చెప్పిన పేరేమిటి, మీరు రాసిందేమిటి అన్నాడు. పెద్దాయన చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"నీ లెక్కతో వచ్చిన పీఠం మీద ఇరవై ఏళ్లుగా నేను కూర్చున్నానమ్మాయ్. నడుం పట్టేసింది."

గింజలు చెల్లవన్నాడు సభాధిపతి. మళ్లీ వేసే నియమం లేదని ఎవరో గొణిగారు. అప్పుడాయనకి ప్రశస్తిలోని చివరి మాట గుర్తొచ్చింది.

"అడగమన్నావుగా రత్నమ్మా. ఏవా పది రోజులు? చెప్పలేకపోతే లెక్కలన్నీ దొంగవే."

"కొలతలు మొదలెట్టిన ఏడో ఏడు, మార్గశిరం. మా చిన్నది పుట్టింది. పురిటి గది దాటనివ్వలేదు."

"మరి అంకెలెలా వచ్చాయి?"

"మంచం మీంచి ఏటి మోత విని వేశాను. తేడా ఉంటే రెండు వేళ్లుంటుంది."

పుస్తకం తెప్పించి చూశారు. ఆ పది అంకెల పక్కనా 'విన్నది' అని రాసుంది. సభాధిపతి పుస్తకం మూసేశాడు.

గుండెల మీంచి రోలు దించినట్టయింది నూకరత్నానికి. ఆ గింజల్లో తన కోసం పడ్డది ఒక్కటేననీ, తక్కిన పదీ అల్లుడివనీ ఆమెకి తెలుసు. తిరిగిచ్చేద్దామని మాత్రం అనిపించలేదు. వెళ్లి పీఠం మీద కూర్చుంది.

భాద్రపదంలో ఏరు పొంగింది. దండోరా ముందురోజు మధ్యాహ్నమే పడింది. కుమ్మరివీధి గోడలు మళ్లీ కూలాయి. మనుషులు మాత్రం మేకలతో సహా గట్టెక్కి కూర్చుని, పులిహోరలో ఉప్పు తక్కువైందని పోట్లాడుకున్నారు. నూకరత్నం తలలు రెండుసార్లు లెక్కపెట్టింది. ఒక్కటీ తగ్గలేదు.

రెండేళ్ల తర్వాత, వరద మాట ఎవరైనా లోపలికొచ్చి చెప్పాలని, ఆమె సభ తలుపులు ఊడదీయించి, ఆ చెక్కలు ఏటి మీద బల్లకట్టుకి వేయించింది.