టీ తాగి రండి

దేవసహాయం మాస్టారిని ఏదైనా ప్రశ్న అడిగితే జవాబు వెంటనే రాదు. కళ్లజోడు పైకి నెట్టుకుని "చూద్దాం" అంటారు. ఆ చూడటం ఒక్కోసారి ఒక పూట, ఒక్కోసారి ఒక నెల. ఈలోగా అడిగినవాళ్ల చేత ఏదో ఒక పని చేయిస్తారు. పని అయ్యేసరికి జవాబు వాళ్లకే తెలిసిపోతుంది, లేదా అడిగినందుకు సిగ్గన్నా వేస్తుంది. కిరీటికి మాత్రం ఈ రెండూ ఒకేసారి దక్కాయి.

మాస్టారు పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, చీరాలలో ఒక టైలరు షాపు మీద గది తీసుకుని, కంప్యూటర్ తెర మీద అంతరిక్ష నౌక నడపడం నేర్పే సిమ్యులేటర్ పెట్టారు. అది తుపాకులు పేల్చుకునే వీడియోగేమ్ కాదు. భూమి చుట్టూ నిజం నౌక ఎలా తిరుగుతుందో అందులోనూ లెక్క తప్పకుండా అలాగే తిరుగుతుంది. ఇంధనం అయిపోతే అయిపోయినట్టే, బతిమాలినా ఒక్క చుక్క ఎక్కువ ఇవ్వదు. దాన్ని నేర్చుకోవడానికి మాస్టారే తెలుగులో రెండు వందల పన్నెండు పేజీల పుస్తకం రాశారు.

కిరీటి ఆయన శిష్యుల్లో చేయి తిరిగినవాడు. ఇరవై ఆరేళ్లవాడు, ఇంజనీరింగ్ చదివాడు, కొత్తవాళ్లకు నేర్పే పనిలో మాస్టారికి కుడిభుజం. ఒకరోజు ఆ పుస్తకం తిరగేస్తూ అడిగాడు:

"మాస్టారూ, ఇందులో పనికొచ్చే మాటలు సగం కూడా లేవు. మిగతాది తీసేస్తే నేర్చుకునేవాళ్లకు విద్య తొందరగా రాదంటారా?"

"చూద్దాం," అన్నారు మాస్టారు. ఎర్ర పెన్ను తీసి అతని చేతిలో పెట్టి, పనికిరాదనిపించిందల్లా కొట్టేయమన్నారు.

కిరీటి వారం రోజులు మొహమాటం లేకుండా కొట్టేశాడు. మాస్టారు చెప్పిందే మళ్లీ చెప్పిన చోట్లున్నాయి, ఊసుపోక కబుర్లాడిన చోట్లున్నాయి. రెండు నౌకల్ని కలిపే అధ్యాయంలో అయితే ఏకంగా ఇలా ఉంది: "ఇక్కడ అందరికీ నౌక చేజారిపోతుంది. నాకు పదిహేడుసార్లు జారింది. లేచి టీ తాగి రండి." కిరీటికి నవ్వొచ్చింది. ఇందులో నొక్కాల్సిన మీట లేదు, చూసుకోవాల్సిన అంకె లేదు. పైగా టీ ఒకటి. ఎర్ర గీత గీసేశాడు. పుస్తకం తొంభై పేజీలకు దిగింది. మాస్టారు పల్లెత్తు మాట అనకుండా దాన్ని అచ్చుకిచ్చారు.

కొత్త పుస్తకంతో మొదట నేర్చుకోవడానికి వచ్చింది నాగరత్నం టీచర్. పక్క ఊరి హైస్కూల్లో సైన్సు చెబుతుంది, నలభై ఆరేళ్లుంటాయి. ఆమె నేర్చుకుంటే తన దగ్గరున్న రెండో సిమ్యులేటర్ సెట్టు ఆ స్కూలుకే ఇచ్చేస్తానని మాస్టారు మాటిచ్చారు. పదో తరగతి ఆడపిల్లలు అప్పుడే దానికి చుక్కమ్మ అని పేరు కూడా పెట్టేసుకున్నారట. ఆమె రోజూ బడి వదిలాక స్కూటీ మీద వచ్చేది. నాలుగో రోజుకల్లా నౌకను పైకి లేపి భూమి చుట్టూ తిప్పేసింది. పాత పుస్తకంతో అదే పనికి కిరీటికి పద్దెనిమిది రోజులు పట్టింది. నిజం చెప్పుకోవాలి, అతను కొట్టేసినవాటిలో చాలావరకు కొట్టేయాల్సినవే. కిరీటికి కాళ్లు నేల మీద ఆనలేదు.

తర్వాత రెండు నౌకల్ని కలిపే పాఠం వచ్చింది. అక్కడొక తిరకాసు ఉంది. ముందు పోతున్న నౌకను అందుకోవాలంటే మన వేగం తగ్గించాలి. తగ్గిస్తే మన నౌక భూమికి దగ్గరగా ఉన్న చిన్న దారిలోకి దిగి, చుట్టు త్వరగా ముగించి, అవతలదాన్ని అందుకుంటుంది. తొందరపడి వేగం పెంచితే పైకెక్కి ఇంకా వెనకబడుతుంది. కొత్త పుస్తకంలో ఇదంతా నాలుగు వాక్యాల్లో స్పష్టంగా ఉంది. నాగరత్నం టీచర్‌కు ఆ నాలుగూ కంఠతా వచ్చు. కానీ ఎదుటి నౌక దూరమైపోతుంటే, ఇరవై ఏళ్లు స్కూటీ నడిపిన చెయ్యి ఊరుకోదు కదా. వేగం పెంచేసేది. నౌక కాస్తా చేజారిపోయేది.

ఐదు సాయంత్రాలు ఇదే వరస. ఆమె విసుక్కోలేదు. జారినప్పుడల్లా పుస్తకం తీసి ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ చదివేది. కిరీటి పక్కనే నిలబడి "అంతా అందులోనే ఉంది టీచర్ గారూ" అనేవాడు. ఆరో రోజు ఆమె రాలేదు. ఏడో రోజు స్కూలు అటెండరు వచ్చి పుస్తకం ఇచ్చి వెళ్లాడు. లోపల ఒక చీటీ ఉంది.

"పుస్తకం చాలా బాగుంది బాబూ. ఎక్కడా ఒక్క తప్పు లేదు. కాబట్టి తప్పు నా బుర్రలోనే ఉంది. పిల్లలకు నేనే సర్దిచెప్పుకుంటాను."

కిరీటి మొదటి రెండు వాక్యాలకూ పొంగిపోయాడు. మూడోదానికి కుర్చీలో కూలబడ్డాడు. తనకెన్నిసార్లు జారిందో అప్పుడు గుర్తుకొచ్చింది. పదకొండుసార్లు. ఆ పదకొండుసార్లూ నవ్వుకుంటూ మెట్లు దిగి టీ తాగాడు. మాస్టారంతటివారికి పదిహేడు పట్టాయి, నాకింకా బోలెడు మిగిలున్నాయి అనుకుంటూ మళ్లీ మెట్లెక్కాడు. విద్య చేతికొచ్చాక, ఆ మాటే తనను అక్కడిదాకా నడిపించిందన్న సంగతి మరిచాడు. మరిచి, దాని మీదే గీత గీశాడు. సిగ్గుతో అతని ముఖం కందిపోయింది. ఆ సిగ్గులోనే మాస్టారి మీద ఎన్నడూ లేనంత కృతజ్ఞత కలిగింది. ఎక్కడ పడిపోతానో ముందే తెలిసి, తను అడక్కుండానే అక్కడ చెయ్యి అందించిన మనిషి ఆయన.

చీటీ చదివిన మాస్టారు టీచర్ దగ్గరికి వెళ్లడానికి అప్పటికే చెప్పులు వేసుకుంటున్నారు. కిరీటి పాత పుస్తకం చంకన పెట్టుకోవడం చూసి, మళ్లీ విప్పేసి లోపలికి వెళ్లిపోయారు.

కిరీటి స్కూలుకు వెళ్లేసరికి నాగరత్నం టీచర్ స్టాఫ్‌రూమ్‌లో పేపర్లు దిద్దుతోంది. ఆ పేజీ తెరిచి ఆమె ముందు పెట్టాడు. గీత తనదేనని చెప్పాడు. తనకూ పదకొండుసార్లు జారిందని, ఆ ముక్క చెప్పకుండా పక్కన నిలబడి అంతా అందులోనే ఉందంటూ వచ్చానని, అది అబద్ధమని ఒప్పుకున్నాడు. ఆమె ఎర్ర గీత కింది మాటలు నెమ్మదిగా చదివింది.

"పదిహేడా? మాస్టారికా?"

"అవునండీ."

"నావి తొమ్మిదే బాబూ," అని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఈ వయసులో తనకెందుకీ పని అని ఎవరికీ చెప్పుకోలేక కుమిలిన ఆ ఐదు రోజుల బాధ ఆ నవ్వుతో తీరిపోయింది.

సాయంత్రం స్కూటీ మళ్లీ టైలరు షాపు ముందు ఆగింది. పదోసారి నౌక జారింది, ఆమె కిందికెళ్లి టీ తాగి వచ్చింది. ఆ తర్వాత ఇంకో మూడుసార్లు జారింది. మర్నాడు పద్నాలుగోసారి, ఎదుటి నౌక దూరమవుతుంటే చెయ్యి వేగం పెంచబోయి ఆగింది. తగ్గించింది. రెండు చుట్లు తిరిగేసరికి నౌకలు రెండూ మెల్లగా ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపే చూస్తూ కాసేపు కూర్చుంది. తర్వాత లేచి కిరీటికి దండం పెట్టబోయింది. అతను కంగారుపడి మాస్టారిని చూపించాడు. మాస్టారు అంతకన్నా కంగారుపడి, చుక్కమ్మను ఎప్పుడు తీసుకెళ్తారని అడిగారు.

ఆమె వెళ్లాక కిరీటి ఆ మూడు వాక్యాలూ తిరిగి పెడతానన్నాడు. వాటి కింద తన పదకొండూ, టీచర్ గారి పదమూడూ చేరుస్తానన్నాడు. మాస్టారు సరేనన్నారు, మిగతా కోతలు మాత్రం బాగున్నాయి, అలాగే ఉంచమన్నారు. కిరీటి, ఆ మాట అక్కడ రాయాలని మీకెలా తోచింది మాస్టారూ అని అడిగాడు.

"నేను నేర్చుకున్న పుస్తకంలో ఒక్క తప్పు కూడా లేదు నాయనా," అన్నారు మాస్టారు. "తప్పు నాదేననుకున్నాను. ఆరేళ్లు అది అటక మీదే ఉంది."