సిప్పోరా పొలం మూలలు

చెప్పండి, ఏం చూశారు? అన్నం పెట్టే చోటికి వెళ్ళొచ్చారు కదా, మూతి కూడా ఇంకా తుడుచుకోలేదు. ఏం చూశారో చెప్పండి. పెట్టిన చేతికున్న ఉంగరం చూశారా? పుచ్చుకున్నవాడి ముఖం చూశారా? గుర్తు లేదా? అయితే ఇలా కూర్చోండి. కథ అయ్యాక మళ్ళీ అడుగుతాను.

అనగనగా, గాడిదలు మాట్లాడితే మనుషులు వినే కాలంలో, కలువరేవు అని ఒక ఊరుండేది.

ఆ రేవులో ఓడలు ఒడ్డుదాకా రాలేవు. దూరంగా లంగరు వేసి నిలబడేవి. ఎత్తైన అలల మీద తెడ్లు వేసుకుంటూ వెళ్ళి, సరుకు దించి ఒడ్డుకు తెచ్చేవాళ్ళు హబ్షీలు. వాళ్ళ తాతల్ని సముద్రం అవతలి నుంచి గొలుసులు వేసి తెచ్చారు. గొలుసులు ఊడి తరాలు గడిచాయి. రంగు మాత్రం మిగిలింది. మిగలకేం? నిగనిగలాడే నేరేడుపండు రంగు అది!

కానీ ఆ ఊళ్ళో ఒక పాడు కట్టుబాటు ఉండేది. హబ్షీలు బజారులో కూర్చుని ఏదీ అమ్మకూడదు. పట్టిన చేప, అల్లిన చాప కోటగుమ్మం బయటే వర్తకుడి చేతిలో పెట్టి, అతను విసిరింది ఏరుకుని పోవాలి. ఎందుకయ్యా అంటే, "నల్లవాళ్ళు కదా" అనేవారు. అన్నవాళ్ళేదో పాలకుండలో పుట్టినట్టు! ఆ ఊరి దొర కంపరాయుడే ఇనపమూకుడు రంగులో ఉండేవాడు. అద్దం చూసుకునేటప్పుడు దీపం ఆర్పుకునేవాడు కాబోలు.

ఒక ఏడు హబ్షీలు తెడ్లు కింద పెట్టేశారు.

"బజారులో మాకూ చోటివ్వండి. ఇచ్చేదాకా తెడ్డు ముట్టం" అన్నారు.

దొర పకపకా నవ్వాడు. "తెడ్డు ముట్టకపోతే కూలి ఉండదు. కూలి లేకపోతే కుండలో గింజ ఉండదు. పిల్లలు ఏడిస్తే వాళ్ళే పరుగెత్తుకొస్తారు" అన్నాడు.

మాట నిజమే. అదే కదా ఘోరం! పిల్లల ఆకలి ముందు పెద్దల మాట నిలుస్తుందా, విరుగుతుందా? ఊరంతా అదే చూస్తోంది.

ఆ ఊళ్ళోనే యూదుల వీధి ఉండేది. వీధి చివరింట్లో సిప్పోరా, ఆమె నాయనమ్మ నయోమి అవ్వ ఉండేవారు. ఊరి బయట, సముద్రం కనబడేంత దగ్గరలో వాళ్ళకు వరిపొలం ఉంది. యూదులకు ఒక ఆచారం ఉంది, వినండి. పంట కోసేటప్పుడు పొలం మూలలు కోయరు. అక్కడి పైరు అలాగే నిలబడి ఉంటుంది. లేనివాళ్ళు వచ్చి, తమ కొడవలితో తామే కోసుకుపోతారు. నువ్వెవరని అడగకూడదు. దండం పెట్టించుకోకూడదు. ఆ మూల ఇంతకు మించి ఉండకూడదని కొలత కూడా లేదు.

సిప్పోరాది పెద్ద మనసు. పెద్ద మనసుతో వచ్చే చిక్కేమిటంటే, అది చేతుల్ని ఊరుకోనివ్వదు.

"హబ్షీలకు ఇంత కష్టం వచ్చింది. ఈ ఏడు మూలల్ని ఊరికే వదిలేస్తే ఎలా? నేనే కోసి, పనలు కట్టి, వాళ్ళకు న్యాయం జరిగేలా పాటుపడేవారెవరో వెతికి వాళ్ళ చేతిలో పెడతాను" అనుకుంది. అనుకున్నదే తడవుగా నాలుగు మూలలూ కోసేసింది. పనలు కట్టి, బూడిదమ్మ అనే తన గాడిద మీద వేసింది.

గుమ్మంలో బియ్యం ఏరుతున్న అవ్వ తలెత్తి పనలను చూసింది. ఏదో అనబోయి ఆగింది.

"వెళ్ళిరా. వచ్చాక ఏం చూశావో చెప్పు" అంది.

మొదట సిప్పోరా రత్నాకరుడి పందిరికి వెళ్ళింది. కోటగుమ్మం దగ్గర చేపలు కొనే వర్తకుడు ఇతనే. పందిరి కింద డప్పులు, సన్నాయిలు. పందిరి బయట ఎండలో హబ్షీల బారు. ఒక్కొక్కరికీ గరిటెడు అంబలి పోసి, "ఎవరి దయ? గట్టిగా చెప్పు!" అని అరుస్తున్నాడు నౌకరు. "రత్నాకరులవారి దయ" అని చెప్పినవాడికే రెండో గరిటె.

రత్నాకరుడు ఎదురొచ్చాడు. "రా అమ్మా సిప్పోరా! పనలు ఇటు దించు. ఆ రాతి పలక చూశావా? నా పేరు కింద నీ పేరు చెక్కిస్తాను. అక్షరాలు కాస్త చిన్నవి, అంతే."

"పేరు సంగతి అలా ఉంచండి. వాళ్ళకు బజారులో చోటు ఇమ్మని దొరతో ఒక మాట అంటారా?"

రత్నాకరుడు కంగారుగా అటూ ఇటూ చూశాడు. "అదేంటమ్మా! చోటొస్తే చేపలు నాకెవరు అమ్ముతారు? అసలీ పందిట్లోకి ఎవరొస్తారు?"

బూడిదమ్మ చెవులు రిక్కించింది. "పోదాం పదమ్మా. ఈ పందిట్లో ఆకలి తీరకూడదని కోరుకునేవాడు ఒకడున్నాడు" అంది.

ఇంటికి రాగానే అవ్వ అడిగింది. "ఏం చూశావే?"

"డప్పులు చూశాను, రాతి పలక చూశాను..."

"తినేవాళ్ళ ముఖాలు?"

"తలలు వంచుకుని ఉన్నారవ్వా. కనబడలేదు."

"మనిషి ముఖం మాయమైపోయే చోట మన గింజ దించకు" అంది అవ్వ.

మర్నాడు, దయగలవాడని ఊళ్ళో పేరున్న సుకుమార పండితుడి ఇంటికి వెళ్ళింది. ఆయన మాట తేనె. చేయి వెన్న. గోడ నిండా ఒక బొమ్మ గీయించి పెట్టుకున్నాడు.

"చూడమ్మా! కోట బయట, ఉప్పుకాలువ పక్కన, హబ్షీల కోసమే వేరే బజారు కట్టిస్తాను. చుట్టూ సన్నజాజి తీగలు. ఎంత ముచ్చటైన తలుపో చూడు. పాపం, వాళ్ళను తలుచుకుంటే నాకు కన్నీళ్ళు ఆగవు" అని పైకండువాతో కళ్ళొత్తుకున్నాడు.

బూడిదమ్మ కిటికీలోంచి తల దూర్చింది. "స్వామీ, ఆ తలుపుకి గడియ ఎటుపక్క?"

"బయటిపక్క. ఎవరికీ ఇబ్బంది కలగకూడదు కదా!"

"ఇలాంటి బజారు కావాలని వాళ్ళు అడిగారా?" అంది సిప్పోరా.

"వాళ్ళను అడగడమేమిటి తల్లీ? వాళ్ళకేం కావాలో వాళ్ళకేం తెలుసు?"

బొమ్మ నిజంగా అందంగా ఉంది. సిప్పోరా మనసు అటు కొంచెం లాగింది కూడా. ఇంటికొచ్చి అవ్వతో సన్నజాజుల సంగతే ముందు చెప్పింది.

అవ్వ చేతిలో చేట కింద పెట్టేసింది. "ఏటేటా పండగనాడు చేదాకు నములుతాం. ఎందుకే పిల్లా?"

"మన పెద్దలు ఐగుప్తు దేశంలో బానిసలుగా ఇటుకలు మోసిన సంగతి మరిచిపోకుండా ఉండడానికి."

"ఆ తర్వాతి సంగతి కూడా విను. మా తాతలు ఒక దేశంలో ఇలాంటి చక్కని వీధిలోనే ఉండేవారు. మాకోసమే కట్టారట. పూలూ పూసేవి. పొద్దుగూకితే బయట గడియ పడేది. వేరుగా పెట్టడానికి పూలెందుకే? ముల్లకంప చాలదూ?"

గాడిద మీద పనలు అలాగే ఉన్నాయి.

మూడోనాడు తిన్నగా సముద్రపు ఒడ్డుకే వెళ్ళింది. బోర్లించిన పడవల నీడలో హబ్షీ ఆడవాళ్ళు ఒకే పొయ్యి మీద అందరి గంజీ కాస్తున్నారు. గంజి పలచన. మాటలు మాత్రం చిక్కన! తెడ్లతో పడవల అడుగున దరువేస్తూ పిల్లలు పాడుతున్నారు. గరిటె పట్టుకున్న పెద్దావిడ పేరు సుంబుల్. తెడ్లు కింద పెడదామని మొదట అన్నది ఆవిడే.

"ఏం వదినా, గాడిద మీద సారె తెచ్చావా? పెళ్ళికొడుకు ఎవరు?" అంది సుంబుల్. ఆడవాళ్ళంతా ఘొల్లున నవ్వారు.

"మీకోసమే తెచ్చాను. ఎవరికిస్తే మీకు మేలు జరుగుతుందా అని ఊరంతా వెతికాను. చివరికి మీకే ఇవ్వాలని తెలిసింది" అంది సిప్పోరా.

సుంబుల్ ఒక పన చేతిలోకి తీసుకుంది. "ఇది ఎక్కడి పైరు?"

"మా పొలం మూలల్లోది."

దరువు ఆగిపోయింది. సుంబుల్ గరిటె కింద పెట్టి నడుం మీద చేతులేసుకుంది.

"మూలలు కోసేశావా! ఏటేటా మా కొడవళ్ళతో మేం కోసుకునే మూలలు! వాటిని నువ్వు కోసి, మూట కట్టి, మూడు వీధులు తిప్పి, మాకే దానమివ్వడానికి తెచ్చావా? మా గేదెను పితికి మాకే మజ్జిగ పోసినట్టుంది వదినా!"

సిప్పోరా ముఖం ఎర్రబడింది.

"నేను మొదటిరోజే చెబుదామనుకున్నాను. నన్నెవరడిగారు?" అంది బూడిదమ్మ.

ముందు ఎవరు నవ్వారో తెలియదు. సిప్పోరా కూడా నవ్వేసింది. కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వింది.

"తప్పైపోయింది. ఇప్పుడేం చేయమంటావు సుంబుల్?"

"నన్నే అడుగుతున్నావా?"

"నిన్నే."

"ఇప్పటికి ఒక్కరు అడిగారమ్మా!" అని సుంబుల్ ఆమె చేయి పట్టుకుని పడవ బల్ల మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది. "ఈ పనలు దించు. ఇవి ఎలాగూ మావే, దండం పెట్టం. ఇకనుంచి పైరు నిలబెట్టి వదులు. కొడవలి మా చేతిలో ఉంటే తల మా మెడ మీద ఉంటుంది. పిల్లల కడుపు నిండితే చాలు, దొర కంటే ఎక్కువకాలం మేం ఆగగలం."

ఇంటి దగ్గర అవ్వ మళ్ళీ అదే అడిగింది. "ఏం చూశావే?"

"నా ముఖమే చూశానవ్వా" అంది సిప్పోరా.

అవ్వ బోసినోటితో నవ్వింది. "గాడిద మీద పనలు చూసినప్పుడే అనుకున్నాను. నేను చెబితే ముసలిదాని సణుగుడు అనుకుంటావు. నష్టపోయినవాళ్ళే చెప్పాలని ఊరుకున్నాను."

సిప్పోరా కూలీలను పిలిచింది. మూలలు కోసేసింది కాబట్టి, తన పంట కోసం ఉంచుకున్న తూర్పుమడి మొత్తం కోయకుండా వదిలేయమంది. ఆ మడికి కంచె లేదు, కావలి లేదు. హబ్షీలు కొడవళ్ళతో వచ్చారు. ఊళ్ళో ఇంకా లేనివాళ్ళున్నారు, వాళ్ళూ వచ్చారు. పక్కపక్కనే వంగి కోశారు. తెడ్డు పాట కోతపాటైంది. గంజి చిక్కబడింది.

పడవలు మాత్రం కదలలేదు.

ఇంతలో దొరగారి ఓడ వచ్చింది. అరబ్బు దేశం నుంచి ఆయన ముచ్చటపడి తెప్పించుకున్న గుర్రాలు అందులో ఉన్నాయి. ఓడ దూరంగా నిలబడింది. గుర్రాలు సకిలిస్తున్నాయి. దించి తెచ్చేవాడు లేడు. కంపరాయుడు ఒడ్డున నిలబడి చెవులు మూసుకున్నాడు, మళ్ళీ తెరిచాడు. పరుగున పడవల దగ్గరికొచ్చాడు.

"మీకు తిండి పెడుతున్నదెవరు?"

"ఎవరూ పెట్టడం లేదు ప్రభూ. కోసుకుని వండుకుంటున్నాం" అంది సుంబుల్.

దొర సిప్పోరా పొలానికి వెళ్ళాడు. "ఏమమ్మా, నీ పొలానికి కంచె వేయి. ఇది నా ఆజ్ఞ!"

"నా పొలానికైతే ఈ క్షణమే వేస్తాను ప్రభూ. మూల నాది కాదు. దేవుడు దాన్ని లేనివాళ్ళకు విడిచిపెట్టాడు. నాది కాని చోట నేను కంచె వేస్తే దొంగతనం కాదా? దొంగతనం చేయమని దొరే ఆజ్ఞాపిస్తారా?"

"మూలా! మడి మడంతా వదిలేసి మూలంటావేం?"

"మూలకు కొలత లేదు ప్రభూ. ఆకలి ఎంత పెరిగితే మూల అంత పెరుగుతుంది. మీ ఏలుబడిలో బాగా పెరిగింది."

దొర నోరు తెరిచాడు. అంతలో సముద్రం మీదనుంచి గుర్రాలు మళ్ళీ సకిలించాయి. బూడిదమ్మ వాటికి గట్టిగా బదులిచ్చింది.

"ఏమంటున్నాయవి?" అన్నాడు దొర దిగులుగా.

"మమ్మల్ని ఏలబోయేవాడికి కాస్తైనా బుద్ధి ఉందా అని అడుగుతున్నాయి ప్రభూ. ఏం చెప్పమంటారు?" అంది బూడిదమ్మ.

దొర తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. సముద్రం వైపు చూశాడు.

"ఉందని చెప్పు" అన్నాడు చివరికి. "హబ్షీలను బజారులో కూర్చోమనండి."

"మాతో చెబితే చాలదు. ఊరంతా డప్పు కొట్టించి చెప్పండి" అంది దొర వెనకే పొలానికొచ్చిన సుంబుల్. కొట్టించాడు. రత్నాకరుడి పందిట్లో ఊరికే పడున్న డప్పులే దొరికాయి అందుకు!

ఆ సాయంత్రం తెడ్లు లేచాయి. గుర్రాలు ఒడ్డుకు చేరాయి. మర్నాడు బజారు చూడాలి మీరు! రత్నాకరుడి పందిరి గుడ్డ విప్పి బజారంతటికీ నీడగా కట్టారు. ఆ నీడలో సుంబుల్ చాప పరుచుకుని, తలెత్తి, గొంతెత్తి చేపలమ్ముతోంది. పక్కనే కూర్చోక తప్పని రత్నాకరుడు ఆమె చెప్పిన ధర విని గుటకలు మింగుతున్నాడు.

నయోమి అవ్వ చేయి పట్టుకుని సిప్పోరా వచ్చింది. చూసుకోకుండా జెల్లచేప వైపు చేయి చాపిందో లేదో సుంబుల్ చటుక్కున ఆ చేయి పక్కకు తోసింది.

"అది నీక్కాదు వదినా. పొలుసు లేని చేప మీవాళ్ళు తినరుగా? నీకోసం పండుగప్ప తీసి పక్కన పెట్టాను. ధర తగ్గించను, ముందే చెబుతున్నా!"

"తగ్గించకు" అంది అవ్వ. ఆమె సుంబుల్ ముఖాన్నే చూస్తోంది. కళ్ళనిండా చూస్తోంది.

ఇదీ కథ. అన్యాయం పడ్డవాళ్ళకు తోడు నిలవాలంటే ముందు వాళ్ళనే అడగాలి, వాళ్ళ పక్కనే కూర్చోవాలి, వాళ్ళది వాళ్ళకు వదిలి దాన్ని దానమని చెప్పుకోకూడదు. నీతి అంతే. ఇక చెప్పండి, అడుగుతానన్నాను కదా: మీ పొలంలో మీరు కోసి దాచుకున్న మూల ఎవరిది?