పొత్తుముద్ద నోము

ఆ ఉదయమున ఆకాశము మబ్బు కమ్మి యుండెను గాని చినుకు రాలలేదు. విత్తనము వేయవలెనో మానవలెనో రైతునకు తేల్చి చెప్పని మబ్బు అది. అట్టి వేళ చిన్న ముని పెద్ద మునికి నమస్కరించి, కూటికి గుడ్డకు కొదువ లేక, కొలువు నిలకడగా నున్నను, నలుగురి నడుమ ఒంటిగా ఎండిపోవువారికి ఏది నోము అని యడిగెను. పెద్ద ముని పొత్తుముద్ద నోమును ఇట్లు చెప్పదొడగెను.

భాగ్యనగరమున టైరు పంచరు కొట్టు మీది గదిలో ఐదుగురు కూడి చిన్న కంపెనీ పెట్టిరి. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట వారి వృత్తి. వారిలో పెద్దవాడు సూరిబాబు, కడగొట్టువాడు పైడిరాజు. ఇద్దరిదీ విజయనగరము వైపే. మధ్యాహ్నమున అందరి డబ్బాలు ఒక బేసినులో గుమ్మరించి కలిపి, తొలిముద్ద పక్కవాని చేత పెట్టి, ఆపై తాము తినెడివారు. అదియే పొత్తుముద్ద. తప్పు ఎవరి కంట బడినను వారే దిద్దెడివారు. అడుగవలసిన పని లేదు, చేయి చాచిన అందరును అందుదురు. తప్పు చేసినవానిని సూరిబాబు ముద్ద నోట నుండగానే తిట్టుచుండెను.

కొంతకాలమునకు పని ముమ్మరమై బేసిను అటకెక్కెను. ఎవరి తెర ముందు వారే తినసాగిరి. ఎవడేమి చేయుచున్నాడో ఎవనికిని తెలియదాయెను. ఏడాది తిరుగకమున్నే కంపెనీ మూతబడెను.

పైడిరాజునకు పెద్ద కంపెనీలో కొలువు దొరికెను. అద్దాల మేడ, నెల తిరుగగానే జీతము, ఆసుపత్రి కార్డు. ఇంటివారు సంతసించిరి. అక్కడ పక్క కుర్చీవాడును చెవులలో తీగలు పెట్టుకొని, మాట కావలసినచో తెర మీద వ్రాసి పంపెడివాడు. భోజనశాల సంతవలె నుండెను. పైడిరాజు గోడవైపు తిరిగి తినెను.

ఒకనాడు బస్సు టిక్కెట్లు అమ్ము ప్రోగ్రాములో అతనికొక తప్పు కనబడెను. అది పై అంతస్తున నుండు గంగాభవానిగారి పని. అచట ఒకరి దిద్దుబాటును మరొకరు చూచి సరే యన్నగాని బయటికి పంపరాదు. పైడిరాజు పాత గది అలవాటున ఆమెను అడుగకయే దిద్దెను. పక్క కుర్చీవాడు చూడకయే సరే నొక్కెను. మరునాడు ఒకే సీటు ఇద్దరికి అమ్ముడయ్యెను. గంగాభవాని పని తీరువరకు కుర్చీ దిగక దానిని చక్కబెట్టెను.

పైడిరాజును ఎవరును తిట్టలేదు. ఒక మెయిలు వచ్చెను, అందు ఎవరి పేరును లేదు. తిట్టువారు లేని ఆ తప్పు అతనికి అరుగదాయెను. కొలువు మానుదునని సూరిబాబునకు ఫోను చేసెను.

"ఏటిరా పైడీ, తిట్టీవోడు లేడనా నీ ఏడుపు? డబ్బా పట్టుకుని ఆ మనిషి దగ్గరికెల్లు. ముందు తప్పు సెప్పు, తర్వాత మూత తియ్యి" అని సూరిబాబు నోము విధానము తెలిపెను.

పైడిరాజు జంకెను. ఒక గురువారము పులిహోర చేసి, డబ్బాను పై అంతస్తు బల్లపై నుంచి, అందరును తినుడని చీటి యంటించి దిగివచ్చెను. సాయంత్రమునకు డబ్బా ఖాళీ. ఎవరు తినిరో తెలియదు. ఆనాడు మునుపటికంటెను ఒంటరి యాయెను.

మరు గురువారము మరల వండి, మెట్లెక్కి, ఆమె ఎదుట నిలిచెను.

"మేడమ్, మీ పనిలో చెయ్యి పెట్టింది నేనే. అడగలేదు."

ఆమె కళ్లజోడు తీసెను. "తెలుసు. దిద్దినవాళ్ల పేరు ప్రోగ్రాములోనే కనిపిస్తుందిగా. మెట్లెక్కి వస్తావేమోనని చూశాను. మొన్నటి పులిహోర కూడా నీదేనా? ఆవాలు మాడ్చావు."

"తిట్టండి మేడమ్."

"తిడతాను. కూర్చో."

ఆమె తిట్టెను. చాలసేపు తిట్టెను. పైడిరాజునకు ఊపిరి తిరిగెను. అప్పుడు మూత తీసి తొలిముద్ద ఆమె చేత పెట్టెను. కొలువు మానలేదు. ప్రతి గురువారము ఇరువురును పొత్తున తినిరి. కొన్నాళ్లకు, చూడక సరే నొక్కినవాడును చెవి తీగలు తీసి వచ్చి చేరెను.

కావున ఈ నోమును కొత్త కొలువున చేరినవారు, పాత గదిని తలచి కుమిలెడివారు, ఒకే వరుసను కూర్చుండి పేరు తెలియనివారు, చూడకయే సరే యనువారు, ఒకే పంచన నుండి వేరువేరుగా తినువారును నోచవలెను. నోచినవారికి జీతము పెరుగునని నేను చెప్పను. తప్పు చేసిననాడు తిట్టువారు కలుగుదురు. తిట్టినవారి చేతిలోనే ముద్ద పెట్టు ధైర్యము కలుగును. అక్షతలు చల్లుకొన్న పిమ్మట, పక్కవారిని పిలువక విస్తరి ముట్టరాదు.

పెద్ద ముని ఇట్లు చెప్పి ముగించెను. చిన్న ముని ఆ ఆశ్రమమునకు వచ్చిన నాటినుండి వంటపాక వెనుక ఒక్కడే తినుచుండెను. ఆనాడు తన ఆకు తెచ్చి పెద్దాయన ఆకు పక్కన పరచెను. పెద్ద ముని తొలిముద్ద కలిపి అతని చేత పెట్టెను. మబ్బు అట్లే యుండెను. ఇరువురును కలిసి తినిరి.