దారం పట్టినవాడు

తోటి డాక్టర్ మెహరున్నీసా పేరు ఎవరు మెచ్చుకుంటూ ఎత్తినా డాక్టర్ కోదండపాణికి కడుపులో మండేది. పేగుల డాక్టరు కాబట్టి అది ఎసిడిటీ కాదని అతనికి బాగానే తెలుసు.

కాకినాడ ఆస్పత్రిలో ఎండోస్కోపీ గదికి అతను ఆమెకంటే ఏడాది ముందొచ్చాడు. అక్కడి పెద్ద డాక్టర్ కామాక్షి మేడమ్ దగ్గర ఒళ్ళు దాచుకోకుండా పని నేర్చుకున్నాడు. అయినా పాపయమ్మ కేసు ఎదురుగా మేడమ్ మెహర్ పేరు రాసింది.

పాపయమ్మది ఇడ్లీ బండి. ఆమె పెద్దపేగు చివర ఒక గడ్డ గోడకి అంటుకుని పరుచుకుంది. గొట్టంలోంచి సన్నటి కత్తి పంపి దాన్ని ఒకే ముక్కగా ఒలిచి తీస్తే పొట్ట కొయ్యక్కర్లేదు. చిరిగితే లోపల ఏం మిగిలిందో తెలీదు, ఆపరేషన్ దాకా పోవచ్చు.

ఆ రోజు పొద్దున్నే ఆమె మేడమ్ ఎదుటే పాణి చెయ్యి పట్టుకుంది. "పొట్ట కొయ్యరు కదా బాబూ?"

"కొయ్యమమ్మా," అన్నాడు అతను.

ఒలవడానికి కత్తి ఒక్కటే చాలదు. గడ్డ అంచుకి చిన్న క్లిప్పు తగిలించి, దానికి కట్టిన దారాన్ని బయట ఒకరు లాగి పట్టుకోవాలి. అంచు లేస్తేనే ఎక్కడ కొయ్యాలో కనిపిస్తుంది. వదులైతే అంచు కత్తి మీద పడుతుంది, ఎక్కువైతే క్లిప్పు ఊడుతుంది. జూనియర్ కత్తి పడితే సీనియరే దారం పట్టాలని ఆ గదిలో ఆనవాయితీ. అంటే పాణి. పుండు మీద కారం చల్లినట్టయింది.

"కొంచెం లాగండి సార్," అంది మెహర్, తెర మీంచి చూపు తిప్పకుండా.

లాగాడు. అంచు చక్కగా లేచింది.

"అబ్బ, ఎంత బాగా చేస్తున్నారో మెహర్ మేడమ్!" అంది నర్సు.

చేస్తున్నారట! దారం ఎవడు పట్టాడో ఎవరికీ అక్కర్లేదు. అతని వేళ్ళు సడలాయి. తెలియకుండా సడలాయని తర్వాత తనకు తాను సర్దిచెప్పుకోబోయాడు గానీ, తెలుసు. అంచు వాలిపోయింది. మెహర్ చటుక్కున కత్తి ఆపింది.

"వదులైంది సార్."

ఆ మాటకి రోషం వచ్చి గట్టిగా లాగాడు. క్లిప్పు ఊడి దారంతో పాటు బయటికొచ్చేసింది.

తెర మీద ఎర్రటి చార కనబడింది. అంచు గీరుకుంది. అదృష్టం బాగుండి చిరగలేదు. పాపయమ్మ మత్తులో నిద్రపోతూనే ఉంది.

మేడమ్ మెహర్ చేత రెండో క్లిప్పు వేయించింది. దారాన్ని ఈసారి పాణికివ్వలేదు. మంచం అంచు మీదుగా వేలాడదీసి, కొసకి బరువుగా ఒక బుల్లి ఫోర్సెప్స్, అదే ఇనుప పట్టకారు, తగిలించి వదిలేసింది.

అంచు లేచింది, అలాగే నిలిచింది. మెహర్ పని సాగిపోయింది. పాణి చేతులు కట్టుకుని ఆ ఇనుపముక్కనే చూస్తూ పావుగంట నిలబడ్డాడు. తన పని తనకంటే బాగా చేస్తోంది. చివరికి ఇనుము మీద కూడా కుళ్ళుకునే గతి పట్టింది.

మేడమ్ అతనికి మాత్రమే వినబడేలా అంది. "దానికి కత్తి ఎవరి చేతిలో ఉందో తెలీదు పాణీ."



సగానికి పైగా ఒలిచాక మెహర్ ఆగిపోయింది. మిగతా భాగం పేగు మడత వెనక ఉంది. అంచుని పక్కకి లాగాలి. ఫోర్సెప్స్‌కి వచ్చిందల్లా కిందికి వేలాడటమే.

మేడమ్ దాన్ని విప్పి ట్రేలో పెట్టింది. దారం కొస పాణి వైపు చాచింది.

"నేనాండీ?"

"పొద్దున్న ఆవిడకి మాటిచ్చింది నువ్వే కదా."

అతను అందుకున్నాడు. ఇందాకటి ఇనుము ఎంత బరువుంటుందో వేళ్ళతో ఊహించుకుని అంతే లాగాడు, కుడివైపుకి. మడత తెరుచుకుంది. కత్తి కదిలిన కొద్దీ అతని వేళ్ళూ కదిలాయి. ఆ తర్వాత లాగమని గానీ వదలమని గానీ మెహర్ అడగాల్సిన పని పడలేదు. అరగంటకి గడ్డ ఒకే ముక్కగా, చుట్టూ అంచులతో సహా ఊడి వచ్చింది. దాన్ని ల్యాబ్‌కి పంపించారు.

సాయంత్రం పాపయమ్మకి మత్తు పూర్తిగా దిగింది. పొట్ట తడుముకుని, చూడ్డానికొచ్చిన పాణి వైపు తిరిగింది. పక్క మంచం దగ్గర కామాక్షి మేడమ్ కేసు కాగితాలు చూస్తోంది.

"కొయ్యలేదు కదా బాబూ?"

"లేదమ్మా."

"చల్లగా ఉండు నాయనా. నువ్వే తీశావా?"

మేడమ్ కాగితం తిప్పబోయి ఆగింది.

"డాక్టర్ మెహరున్నీసా తీశారమ్మా."

"మరి నువ్వేం చేశావు?"

"దారం పట్టుకున్నాను," అన్నాడు పాణి.