గూట్లో తడిమట్టి

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఎండిపోయిన వాగు. వాగు మీదికి వంగిన తుమ్మచెట్టు నిండా గిజిగాళ్లు గూళ్లు కడుతున్నారు. ఆ గుంపుకి పెద్ద పసిమి అనే గిజిగాడు. వాడి తల పసుపు రాసిన గడపలా మెరిసిపోయేది. మనసు మాత్రం ఆ ఏడు మబ్బు పట్టింది.

ఎందుకంటే, కట్టిన గూళ్లు కట్టినట్టే రాలిపోతున్నాయి.

గిజిగాళ్లకి ఒక ఆచారం ఉంది, పిల్లలూ. మగపిట్ట సగం గూడు కట్టి పిలుస్తుంది. ఆడపిట్ట వచ్చి ఊపి చూసి, నచ్చితేనే కాపురానికి ఒప్పుకుంటుంది. పసిమి సంపెంగ అనే ఆడపిట్టని పిలిచాడు. సంపెంగ రెక్క విప్పితే వాడికి లోకమంతా పూసినట్టుండేది. ఆమె గూట్లోకి వచ్చి అటూ ఇటూ కదిలింది. అంతే! గూడు ఊడి ఆమెతో సహా కింద పడింది.

"బాగుందయ్యా నీ కాపురం!" అంది సంపెంగ రెక్కలు దులుపుకుంటూ. "పెద్దవాన పడేలోపల, నిలిచే గూడు చూపించు. లేదంటే మేం ఆడపిట్టలం అందరం కొండవతల గుంపులో కలిసిపోతాం."

అంటే ఆ ఏడు తుమ్మచెట్టు మీద ఒక్క గుడ్డు ఉండదు, ఒక్క పిల్ల ఉండదు.

"ఎవరో కొమ్మకి కట్టిన ముడి కొరికి పెట్టారు!" అన్నాడు పసిమి.

మొదట ఉడతని అనుమానించారు. దాన్ని చెట్టెక్కనివ్వలేదు. అయినా గూళ్లు రాలాయి.

తర్వాత ఒకరినొకరు అనుమానించుకున్నారు. పక్కగూటి పీచు లాక్కోవడం గిజిగాళ్లకి పాత జబ్బే కదా!

"నా పీచు నీ గూట్లో ఎందుకుందిరా?"

"దాని మీద నీ పేరు రాసుందా?"

ముక్కూ ముక్కూ కలిపి పొడుచుకున్నారు. అయినా గూళ్లు రాలాయి.

చివరికి అనుమానం కాకమ్మ మీదికి పోయింది. గూడు పడితే చాలు, ఎక్కడినుంచో వాలి ఆ పీచు ఏరుకుపోయేది. పసిమి సగంమందిని కాపలా పెట్టాడు. కాకమ్మ కనబడితే నెత్తి మీద పొడవమన్నాడు.

ఒకరోజు పొద్దున్నే సన్నగా జల్లు పడింది. కాకమ్మ వాగులో వాలి, కాలితో నేల గీకింది.

"ఒరే పసిమీ, మట్టి మెత్తబడింది. ఎండెక్కితే మళ్లీ రాయే. మీ తాతల నాటినుంచీ గూట్లో మట్టిముద్దలు అంటిస్తున్నారు కదా. బరువుంటే గూడు గాలికి గిరగిరా తిరగదు."

"మేం కిందికి దిగితే నువ్వు పైకెక్కుతావు. అంతేగా?"

"నమ్మకు. నమ్మమని ఎవరన్నారు? పడిన గూళ్ల ముడులు చూసుకో."

"నాకు చెబితే నీకేంటి లాభం?"

"నాలుగు రోజులుగా నా నెత్తి బొప్పి కట్టింది. అది చాలదూ?"

పసిమి ఒక గూటి ముడి చూశాడు. కొరికితే తెగినట్టుండాలి. ఇది తాడు మెలితిరిగి పిగిలినట్టుంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ముక్కుతో ఎత్తితే దూదిపింజ బరువు. "ఈ ఏడు తడిమట్టి లేదు, పీచుతోనే కానిచ్చేద్దాం" అన్నది ఎవరు? తనే!

చెట్టెక్కి అందరికీ వినబడేలా చెప్పాడు. "తప్పు ఉడతది కాదు, కాకిది కాదు, నాది. ఎండెక్కేలోగా మట్టి మోద్దాం. నా గూటి కాపలా తీసేస్తున్నాను."

"కాకి మాట విని కాపలా వదిలేస్తావా? మతి పోయిందా?" అన్నాడు మొండిముక్కు అనే ముసలిపిట్ట. కొంతమంది వాడి పక్కన నిలబడ్డారు. మిగిలినవాళ్లు పసిమి వెంట దిగారు.

పసిమి మొదటి ముద్ద తెచ్చేసరికి కాకమ్మ పక్కచెట్టు మీద ఉంది. రెండో ముద్ద తెచ్చేసరికి తుమ్మకొమ్మ మీద ఉంది. మూడోసారి చూస్తే సరిగ్గా వాడి గూటి పక్కనే! పసిమికి మళ్లీ అనుమానమొచ్చింది. అయినా ముద్ద జారవిడవకుండా గూటికి అంటించి అడిగాడు.

"ఏం చేస్తున్నావు?"

"చూస్తున్నా. కుడిపక్క మట్టి తక్కువైంది, ఇంకాస్త పెట్టు."

మధ్యాహ్నానికి మట్టి మళ్లీ రాయైంది. సాయంత్రం పడమటి గాలి లేచింది. కాపలా కాసిన గూళ్లు బొంగరాల్లా తిరిగి టపటపా రాలాయి. మట్టి పెట్టిన గూళ్లు ఊగాయి గానీ ఊడలేదు. వెనకే పెద్దవాన. వాగు నిండుగా పొంగి, మట్టి జాడే లేకుండా పోయింది.

వాన వెలిశాక సంపెంగ పసిమి గూట్లో దూరింది. మూడుసార్లు ఊపింది. లోపలినుంచే అంది: "ఇక నేను బయటికి రాను. వెళ్లి పురుగులు తీసుకురా."

మొండిముక్కు ఉత్త కొమ్మ మీద తడిసి ముద్దై కూర్చున్నాడు. పసిమిని చూసి చిన్నగొంతుతో అన్నాడు: "కాకి మీంచి కన్ను తిప్పలేదురా నేను. అది ఒక్క పీచు కూడా ముట్టలేదు."

నీతి: ఎదుటివాడి తప్పుకి కాపలా కాస్తూ కూర్చుంటే అదను దాటిపోతుంది, తన తప్పు ఒప్పుకుని ముందుగా కదిలినవాడే పదిమందిని నిలబెడతాడు.