బాతుపిల్లకు నక్క గార్డియన్

ఎర్రకొండ అడవిలో ఎండలు ముదిరితే వాగంతా ఇసుకే. అప్పుడు అందరికీ దిక్కు తాబేలు సూరమ్మ చెలమ ఒక్కటే. ముప్ఫై ఏళ్ళు ఇసుక తోడి తోడి ఆవిడ సంపాదించుకున్న నీళ్ళగుంట అది. ఎంత కరువొచ్చినా అడుగున ఊట ఆగదు.

సూరమ్మకు చెలమకన్నా ముద్దయినది బాతుపిల్ల నీలి. తల్లిని డేగ ఎత్తుకుపోతే, గట్టున మిగిలిన గుడ్డును వెచ్చటి ఇసుకలో కప్పి పిల్లను చేసింది సూరమ్మే. ఆ పిల్ల కళ్ళు తెరిచి మొదట చూసింది సూరమ్మ ముడతల మొహాన్ని. అమ్మ అనుకుంది, అంతే.

అయితే అడవిలో ఒక కట్టుబాటు ఉంది. వీలునామా రాయకుండా పోయినవాళ్ళ ఆస్తి సొంత జాతికే చెందుతుంది. అంటే రేపు సూరమ్మ కన్నుమూస్తే చెలమ ఆవిడ మొహమైనా ఎరగని ఏటి తాబేళ్ళ పాలవుతుంది, నీలి వీధిన పడుతుంది.

వీలునామాలు రాసేది ప్లీడరు కోదండం. ఆయన ఏదుపంది. కలాలు వీపు మీదే మొలుస్తాయి గనక ఆ వృత్తి ఆయనకే నప్పింది. ఫీజు రెండు కంద దుంపలు. సూరమ్మ మనసు మెత్తనిదే గానీ చెయ్యి మాత్రం గట్టిది. నాలుగు గీతలు గీసినందుకు రెండు దుంపలా అని సణుగుతూ ఆ పని ఏళ్ళ తరబడి వాయిదా వేసింది.

ఈ సణుగుడు నక్క గవరయ్య చెవిన పడింది. మర్నాడే టేకాకు మీద వీలునామా రాసుకుని వాలిపోయాడు. ప్లీడరు ఎన్ని ఆకులు రాస్తుంటే తను పొదచాటు నుంచి చూశాడో చెప్పి, తన ఆకు చదివి వినిపించాడు. చెలమ నీలికి. నీలి పెద్దదయ్యేదాకా దాన్నీ, చెలమనూ కనిపెట్టుకుని ఉండే గార్డియన్, గవరయ్య.

సూరమ్మ మెడ చిప్పలోకి సగం పోయింది. "బాతుపిల్లకు నువ్వు గార్డియనా?"

"చిన్నపిల్ల పేర ఆస్తి రాస్తే గార్డియన్ ఉండి తీరాలి పిన్నీ. ఊరికే చేసిపెడతానన్నవాణ్ణి అనుమానిస్తే నేనేం చెప్పను?"

ఊరికే అన్న మాటకు సూరమ్మ కరిగిపోయింది. కాలు బురదలో అద్ది ముద్ర వేసింది. గవరయ్య ఆకు చుట్టి చంకన పెట్టుకుని, పోతూ పోతూ నీలి వంక ఆప్యాయంగా చూశాడు.

"బాగా తిని ఒళ్ళు చెయ్యి తల్లీ," అన్నాడు.

ఆ మాటతో సూరమ్మకు అసలు సంగతి అర్థమైంది. అప్పటికప్పుడు రెండు దుంపలు తవ్వి, వాటిని ముక్కుతో దొర్లించుకుంటూ బయలుదేరింది. ప్లీడరుగారి బొరియ చేరేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది.

కోదండం అంతా విన్నాడు. వేరే ఆకు రాస్తే చాలదా అని ఆవిడ అడిగితే తల అడ్డంగా ఊపాడు. "ఆఖరున రాసిందే చెల్లుతుందమ్మా. కానీ అతని ఆకు మీద తేదీ లేదు, సాక్షుల ముద్రలూ లేవు. మీరు పోయాక తన బావమరుదులిద్దరిని సాక్షులుగా తెచ్చి, ఇదే ఆఖరుదంటాడు. ముందు దాని సంగతి చూడాలి."

సాక్షులు లేని వీలునామా చెల్లదనీ, అందరి ముందూ ముద్రలు వేయిద్దామనీ గవరయ్యకు కబురు పంపాడు. గవరయ్య ఆకుతో సహా పరుగున చెలమకు వచ్చాడు. నీళ్ళకు వచ్చిన జంతువులన్నీ చుట్టూ మూగాయి. కోదండం మొదటి సాక్షిగా ముద్ర వేసి, మెడ చాచి చుట్టూ చూశాడు.

"రెండో సాక్షి చట్టం తెలిసినవాడైతే బాగుంటుంది. ఈ అడవిలో అలాంటివాళ్ళు ఎవరున్నారని," అన్నాడు దిగులుగా.

"నేను లేనా?" అన్నాడు గవరయ్య, రొమ్ము విరుచుకుని. కాలు బురదలో ముంచి నిండుగా ముద్ర వేశాడు.

కోదండం ఆకును అందరికీ కనపడేలా ఎత్తాడు. "చూశారుగా, గవరయ్యే సాక్షి. మన అడవి చట్టంలో సాక్షికి ఆ వీలునామా వల్ల లాభం గానీ అధికారం గానీ రాకూడదు. కాబట్టి గార్డియన్‌గా గవరయ్య పేరు ఇప్పుడే కొట్టేసినట్టయింది."

గవరయ్య నోరు తెరిచాడు. "ఈ ముక్క ఎక్కడా వినలేదే."

"పొదచాటున వినపడి ఉండదులే," అన్నాడు కోదండం.

తర్వాత వీపు నుంచి కొత్త ముల్లు పీకి కొత్త వీలునామా మొదలుపెట్టాడు. సూరమ్మ గార్డియన్‌గా దున్నపోతు సింహాద్రి పేరు చెప్పింది. సింహాద్రి మీకంటే ముందే పోతే ఎవరని అడిగాడు కోదండం. నీలి రెక్కలొచ్చి ఎగిరిపోతే చెలమ ఎవరిదన్నాడు. అందరూ నీళ్ళు తాగే హక్కు రాయమంటారా అన్నాడు. ఇవేవీ ఆవిడ కలలోనైనా అనుకోలేదు. అన్నీ రాసి, తేదీ వేసి, సాక్షులుగా రెండు జింకల చేత ముద్రలు వేయించి, రెండుసార్లు చదివి వినిపించాడు. సూరమ్మకు ప్రాణం తేలికపడింది. అడగకుండానే మూడో దుంప కూడా తవ్వి ఇచ్చింది.

వారం తిరక్కుండా గవరయ్య ప్లీడరుగారి బొరియ ముందు నిలబడ్డాడు. తనకు జరిగిన అన్యాయం మీద పులిరాజుకు అర్జీ రాసిపెట్టమన్నాడు.

"దానికేం, రాస్తాను. రెండు దుంపలు."

"ఊరికే రాయవా?"

"ఊరికే రాసేవాడు ఈ అడవిలో ఒక్కడే ఉన్నాడు గవరయ్యా," అన్నాడు కోదండం. "వాడి చేతే రాయించుకో."

నీతి: వీలునామా రాయించుకోవడానికి చట్టం చదివినవాడి దగ్గరికి వెళ్ళాలి, ఊరికే రాస్తానని వచ్చినవాణ్ణి ఎందుకని అడగాలి.