పాలు కలిసిన పచ్చ

మస్తాన్‌వలి మేస్త్రీని ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. ఓ పాత గుడ్డ చేతికిచ్చి, "ముందు చేతులు తుడుచుకో" అంటారు. తుడుచుకునేలోపు సగం ప్రశ్నలు వాటంతటవే చల్లారిపోతాయని ఆయన నమ్మకం. నరసరావుపేటలో పాత జీపులూ కార్లూ బాగుచేసేవాళ్లలో చాలామంది ఆ గుడ్డ పుచ్చుకున్నవాళ్లే. ఆ రోజు ఏడుకొండలు మాత్రం గుడ్డ అందుకుని నేలకేసి కొట్టాడు.

"తుడుచుకోడానికేం లేదు గురువుగారూ. ఒక్కటే చెప్పండి. తనకేం కావాలో తనకే తెలియని మనిషి దగ్గర పని ఒప్పుకున్నవాడు బయటపడేది ఎట్టా?"

అతని మంటకి కారణం ఉంది. మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, బైపాసు పక్కన సొంతంగా షెడ్డు వేసుకుని ఎన్నాళ్లో కాలేదు. చేతికొచ్చిన మొదటి పాత బండి అప్పిరెడ్డి గారి జీపు. ఆయన తండ్రి సున్నపురాయి క్వారీ నడిపిన రోజుల్లోది. పెద్దాయన పోయాక గొడ్లపాకలో పడి తుప్పు పట్టింది. "నా చిన్నప్పుడు ఎట్టా ఉండేదో అచ్చం అట్టా చేసిపెట్టు" అని అప్పిరెడ్డి గారు అడ్వాన్సు చేతిలో పెడితే ఏడుకొండలు మురిసిపోయాడు. ఆ మాటే మెడకు చుట్టుకుంటుందని పాపం అప్పుడు తెలియదు.

ఇంజను దారికొచ్చింది, గేర్లు కుదిరాయి, చిక్కంతా రంగు దగ్గర వచ్చింది. సీటు కింద ఎండా వానా తగలని చోట పాత రంగు కొంచెం మిగిలి ఉంటే, దానికి సరిగ్గా సరిపోయే ఆకుపచ్చ కలిపి వేశాడు ఏడుకొండలు. అప్పిరెడ్డి గారు బండి చుట్టూ తిరిగి పెదవి విరిచారు. "పచ్చే గానీ ఈ పచ్చ కాదయ్యా. పాలు కలిసినట్టుండాలి." తెలుపు కలిపి మళ్లీ వేశాడు. "పాలు ఎక్కువైనయి." తగ్గించి వేశాడు. "ఇదేందయ్యా, ఆసుపత్రి గోడల్లే ఉంది!" ఇక గీకడం, వేయడం, ఆరబెట్టడం, ఆయన పెదవి విరవడం. పక్కన టీ కొట్టుకొచ్చేవాళ్లు "ఇవాళ ఏం రంగు?" అని అడిగి మరీ టీ తాగుతున్నారు. చివరికి నిన్న అప్పిరెడ్డి గారు, "నీ వల్ల కాకపోతే చెప్పు, ఇంకొకరికి ఇచ్చుకుంటా" అనేశారు. మొదటి బండే అట్లా చేయి దాటిపోతే ఇక ఆ షెడ్డు గడప ఎవరు తొక్కుతారు?

అంతా విని మస్తాన్‌వలి కింద పడ్డ గుడ్డ తీసి, దులిపి, భుజాన వేసుకుని శిష్యుడి స్కూటరు వెనక ఎక్కారు. షెడ్డుకు వెళ్లి అప్పిరెడ్డి గారిని పిలిపించారు. ఇప్పుడు రంగు సంగతి తేల్చేస్తారని ఏడుకొండలు ఆశగా చూస్తుంటే, మేస్త్రీ అడిగింది వేరే.

"నాన్నగారు బండి రోజూ కడిగించేవారా అండీ?"

"కడగటమా!" అప్పిరెడ్డి గారు నవ్వారు. "క్వారీలో తాగడానికే నీళ్లు దొరికేవి కావు, ఇంక బండి కడగటం కూడానా? పొద్దుగూకినాక ఇంటికొచ్చేవాడు, కోడి కూసేసరికి మళ్లీ పోయేవాడు."

మేస్త్రీ తలాడించి ఆయన్ని సాగనంపి, శిష్యుడితో "మొట్టమొదట వేసిన రంగు మళ్లీ వెయ్యి" అన్నారు.

ఏడుకొండలుకి ఒళ్లు మండిపోయింది. "ఆయన వద్దన్నదే అది గదా! ఇంతకంటే నన్ను జీపు కింద పడుకోమనండి, మీరే నడపండి."

"వెయ్యి."

గురువు మాట తీసెయ్యలేడు. గీకినంతసేపూ, వేసినంతసేపూ జీపునీ, జీపు కొన్న పెద్దాయన్నీ, తన తలరాతనీ తిట్టుకుంటూనే వేశాడు. రంగు గట్టిపడ్డాక మేస్త్రీ తాళంచెవి అందుకుని ఎక్కడికో చెప్పకుండా బండి వేసుకుపోయారు. సాయంత్రం తిరిగొచ్చిన జీపుని చూసి ఏడుకొండలు నెత్తిన చేతులు పెట్టుకున్నాడు. అద్దంలా మెరవాల్సిన బండి మీద ముందు నుంచి వెనక దాకా తెల్లటి సున్నపు దుమ్ము. పాత క్వారీ దారంతా తిప్పి తెచ్చారు ఆ మహానుభావుడు. అది చాలదన్నట్టు దారిలో ఆగి అప్పిరెడ్డి గారికి కబురు కూడా చేశారు. ఆయన అప్పుడే గేటు దగ్గర దిగుతున్నారు.

ఏడుకొండలు గురువు భుజం మీది గుడ్డ లాగి బండి మీదికి ఉరికాడు. మేస్త్రీ అతని మణికట్టు పట్టుకుని ఆపేశారు.

అప్పిరెడ్డి గారు గేటు దగ్గరే నిలబడిపోయారు. కాసేపటికి మెల్లగా బానెట్ దగ్గరికొచ్చి, దుమ్ములో చూపుడువేలితో 'అ' అని రాశారు. వేలు నడిచిన చోటల్లా ముదురు పచ్చ బయటపడింది. పెద్ద బజారులో వరసగా కొట్లున్న మనిషి, మనవలున్న మనిషి, వేలికంటిన సున్నం చూసుకుంటూ అందరి ముందూ ఏడ్చేశారు.

"ఇట్టా రాస్తే నాన్న తిట్టేవాడు" అన్నారు. "ఇదేనయ్యా. ఇదే రంగు."

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, దుమ్ము మీద చెయ్యి వెయ్యనివ్వకుండా ఆయనే నడుపుకుంటూ వెళ్లిపోయారు. బండి మలుపు తిరగ్గానే ఏడుకొండలు ఆకాశం వంక చూశాడు.

"రేపు ఓ వాన పడితే ఆ దుమ్మంతా పోతుంది గదా గురువుగారూ. మళ్లీ నా ప్రాణానికే వస్తారు!"

మేస్త్రీ అతని చేతిలోని గుడ్డ చూపించారు.

"రారులే. ఆ దుమ్ము ఎక్కడ దొరుకుతుందో ఆయనకి తెలుసు. చేతులు తుడుచుకో."